పరీక్షకీ సూదికీ మధ్య పద్నాలుగు వారాలు: ఒక గర్భిణి సిఫిలిస్ కేసు

వయసు 22. రెండో గర్భం, 25వ వారం. ఫిర్యాదు ఏమీ లేదు: పుండు లేదు, ఒంటి మీద మచ్చలు లేవు, తెల్లబట్ట లేదు, జ్వరం లేదు. ఏఎన్ఎం రాసిచ్చిన చీటీలో ఒక్క ముక్కే ఉంది, 'సిఫిలిస్ రియాక్టివ్, తదుపరి వైద్యం కోసం' అని. అంటే రక్తపరీక్షలో సిఫిలిస్ అనే సుఖవ్యాధి గుర్తు కనిపించిందని. మొదటి కాన్పులో ఎనిమిదో నెలలో బిడ్డ కడుపులోనే పోయింది. ఎందుకు పోయిందో అప్పట్లో ఎవరూ ఆరా తీయలేదు.

నేను ఉత్తరాంధ్ర తీరాన ఒక ప్రభుత్వాసుపత్రిలో చర్మ, సుఖవ్యాధుల డాక్టర్ని. సుఖవ్యాధులు చూసే మా సురక్ష క్లినిక్‌కి వచ్చిన ఈ కేసును ఆమె ఒప్పుకున్నాకే రాస్తున్నాను. మనిషిని గుర్తుపట్టే వివరాలు మార్చాను. వైద్యం వరకు ఇందులో కొత్తదేమీ లేదు. పీజీ మొదటి ఏడాది విద్యార్థి కూడా ఈ చికిత్స చెప్పగలడు. అయినా రాయడానికి కారణం ఉంది. గర్భిణులకు సిఫిలిస్ పరీక్ష దేశమంతటా ఎలా పెరిగిందో, ఎక్కడిదాకా వచ్చి ఆగిపోతోందో ఈమె తల్లీబిడ్డ కార్డు ఒక్కటి చూస్తే తెలిసిపోతుంది.

కార్డు ఏం చెప్పింది

అత్తవారిది ఒక మండలం, పుట్టిల్లు ఇంకో మండలం. 11వ వారంలో అత్తవారి ఊరి పీహెచ్‌సీలో పేరు నమోదైంది. అదే రోజు వేలి చివర సూదితో పొడిచి, ఆ చుక్కతో డ్యూయల్ కిట్ పరీక్ష చేశారు. అరచేతిలో పట్టే ప్లాస్టిక్ పలక, దాని మీద మూడు చోట్ల గీత పడే వీలుంటుంది. ఒకటి కిట్ పనిచేస్తోందని చెప్పే కంట్రోల్ గీత, ఒకటి హెచ్ఐవీది, ఒకటి సిఫిలిస్‌ది. పావుగంట, ఇరవై నిమిషాల్లో ఫలితం. ల్యాబు అక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు.

ఈమెకు కంట్రోల్ గీతతో పాటు సిఫిలిస్ గీత పడింది. కార్డులో హెచ్ఐవీ గడిలో నీలం రబ్బరు స్టాంపుతో 'నాన్ రియాక్టివ్' అని అచ్చు వేసి ఉంది. సిఫిలిస్ గడిలో పెన్సిల్‌తో రాసిన ఒక్క 'ఆర్' అక్షరం. అది రియాక్టివా, రిఫర్ చేశామనా, రిపీట్ చేయమనా? తర్వాత రెండుసార్లు ఆమె చెకప్‌కి వెళ్లింది. బరువు చూశారు, బీపీ చూశారు, ఐరన్ మాత్రలిచ్చారు, టీడీ ఇంజెక్షన్ వేశారు. ఆ అక్షరం గురించి ఎవరూ అడగలేదు, ఆమెకూ ఎవరూ చెప్పలేదు. నెలవారీ రిపోర్టులో మాత్రం 'సిఫిలిస్ పరీక్ష చేసిన గర్భిణులు' అన్న వరుసలో ఆమె కూడా ఒక అంకె అయింది.

మొదటి కాన్పు చేదుగా ముగిసింది కదా, ఈసారి ఆరో నెల దాటగానే తల్లి వచ్చి పుట్టింటికి తీసుకుపోయింది. ఆ ఊరి ఏఎన్ఎం కార్డు తిరగేస్తూ ఆ పెన్సిల్ అక్షరం దగ్గర ఆగి, పాత పీహెచ్‌సీ ల్యాబ్ టెక్నీషియన్‌కి ఫోన్ చేసి రిజిస్టరు చూసి చెప్పమంది. మర్నాడు ఆమెనూ తల్లినీ ఆటోలో ఎక్కించి మా దగ్గరికి తానే తీసుకొచ్చింది. కేసు బయటపడింది ఆ ఫోన్ కాల్ వల్లే.

ఇక్కడ పాత పీహెచ్‌సీని నిందించడం తేలిక, కానీ అక్కడ ఎవరూ పని ఎగ్గొట్టలేదు. అదే రోజు హెచ్ఐవీ గీత పడి ఉంటే ఏం జరిగేదో ఆలోచించండి. సాయంత్రానికల్లా ఐసీటీసీ, అంటే హెచ్ఐవీ పరీక్షా కేంద్రం, కౌన్సెలర్‌కి ఫోన్ వెళ్లేది. వేర్వేరు కిట్లతో మూడు పరీక్షలు చేసి నిర్ధారించేవారు. హెచ్ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ సెంటర్‌కి పంపేవారు. ఆమె పుట్టింటికి వెళ్లినా, ఒక్కొక్కరి పేరూ రాసుకునే లైన్ లిస్టులో ఆమె పేరు పక్కన కాన్పు తేదీ ఉండేది, ఆ తేదీ దగ్గరపడుతుంటే ఇంటికి మనిషి వెళ్లేవాడు. ఒకే చుక్క రక్తం, ఒకే పలక. ఒక గీత వెనక ఇరవై ఏళ్ల యంత్రాంగం నిలబడి ఉంటే, రెండో గీత వెనక ఒక పెన్సిల్ ఉంది.

రెండు రకాల పరీక్షలు, రెండు రకాల జవాబులు

మా దగ్గర ఆర్‌పీఆర్ చేయించాం. 1:32 వచ్చింది. క్రిమి మీది యాంటీబాడీని పట్టే టీపీహెచ్ఏ పాజిటివ్. హెచ్ఐవీ మళ్లీ చేస్తే నెగెటివ్, హెపటైటిస్-బీ నెగెటివ్. నోరు, అరచేతులు, అరికాళ్లు, జననాంగాలు, గజ్జల్లో గడ్డలు అన్నీ చూశాం. ఏమీ లేవు. నరాల పరీక్షలో తేడా లేదు. స్కాన్‌లో బిడ్డ ఎదుగుదల వారాలకు తగ్గట్టే ఉంది. కాలేయం పెద్దదవడం, ఒంట్లో నీరు చేరడం లాంటివి కనిపించలేదు.

డ్యూయల్ కిట్ పట్టుకునేది ట్రెపోనీమా క్రిమి మీద శరీరం తయారుచేసుకున్న యాంటీబాడీని. ఒకసారి వచ్చిందంటే చాలామందిలో అది జీవితాంతం ఉండిపోతుంది. వైద్యం పూర్తయి పదేళ్లయినా గీత పడుతుంది. అంటే కిట్ చెప్పేది 'ఈ మనిషి ఎప్పుడో ఒకప్పుడు ఈ క్రిమిని చూసింది' అని మాత్రమే. జబ్బు ఇప్పుడు ఏ జోరులో ఉంది, మందుకు తగ్గిందా అన్నది తేల్చడానికి ఆర్‌పీఆర్ లాంటి టైటర్ పరీక్ష కావాలి. సీరంను సగం సగం పలుచన చేసుకుంటూ పోయి ఎంతవరకు ప్రతిచర్య కనిపిస్తుందో చూస్తారు. 1:32 నుంచి 1:8కి, అంటే రెండు మెట్లు దిగితే మందు పనిచేసినట్టు లెక్క. టైటర్ మరీ ఎక్కువగా ఉన్నప్పుడు పలుచన చేయని సీరంలో పరీక్ష మోసం చేసి నెగెటివ్ చూపించడం కూడా ఉంది. దాన్ని ప్రోజోన్ అంటాం. గర్భిణిలో అనుమానం బలంగా ఉంటే పలుచన చేసి మళ్లీ చూడమని ల్యాబుకి చెప్పాలి.

ఏజెన్సీలో పనిచేసే మిత్రుల కోసం ఒక మాట. పెద్ద వయసు గిరిజన రోగుల్లో టీపీహెచ్ఏ పాజిటివ్ వస్తే అది చిన్నప్పటి యాస్ అనే చర్మపు జబ్బు మిగిల్చిన గుర్తు కావచ్చు. ఆ క్రిమి సిఫిలిస్ క్రిమికి సొంత చుట్టం, రక్తపరీక్ష రెండింటినీ విడదీయలేదు. దేశంలో చివరి యాస్ కేసు 2003లో నమోదైంది, 2016లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మనకు యాస్ రహిత దేశంగా గుర్తింపు ఇచ్చింది. కాబట్టి ఇప్పుడు కాన్పుకి వచ్చే వయసు అమ్మాయిల్లో ఆ సందేహం దాదాపు లేదు. వాళ్ల తల్లుల్లో, అమ్మమ్మల్లో ఉంటుంది.

ఈమెకి జబ్బు ఎప్పుడు సోకిందో చెప్పే ఆధారం లేదు. పాత రక్తపరీక్షలు లేవు. మొదటి గర్భంలో చూపించుకున్న ప్రైవేటు నర్సింగ్‌హోం కాగితాలు ఒక ప్లాస్టిక్ కవర్లో తెచ్చింది. హిమోగ్లోబిన్, షుగర్, థైరాయిడ్, మూడు స్కాన్లు ఉన్నాయి. సిఫిలిస్‌కు చేసే వీడీఆర్ఎల్ రక్తపరీక్ష లేదు. చనిపోయి పుట్టిన బిడ్డ తల్లికి సిఫిలిస్ పరీక్ష తప్పనిసరిగా చేయాలి. ఆ దుఃఖంలో ఇంటివాళ్లు త్వరగా తీసుకుపోతామంటారు, ఆసుపత్రివాళ్లు సరేనంటారు. వైద్యం అందని సిఫిలిస్ ఉన్న గర్భిణుల్లో సగానికి పైగా గర్భాలు ఏదో ఒక రకంగా దెబ్బతింటాయి: గర్భస్రావం, మృతశిశువు, నెలలు నిండని కాన్పు, జబ్బుతో పుట్టిన బిడ్డ. మొదటి బిడ్డ దీనివల్లే పోయిందని నేను రాయలేను. కాదని కూడా రాయలేను.

ఎప్పుడు సోకిందో తెలియనప్పుడు పాత జబ్బుగానే లెక్కగట్టి వైద్యం చేయాలి. అంటే బెంజథీన్ పెనిసిలిన్ 24 లక్షల యూనిట్లు, వారానికొకటి చొప్పున మూడు వారాలు.

పెనిసిలిన్ అంటే భయం

1943లో అమెరికాలో మహోనీ బృందం మొదటిసారి నలుగురు రోగులకు పెనిసిలిన్ ఇచ్చి సిఫిలిస్ నయం చేసింది. ఎనభై ఏళ్లు దాటినా ఈ క్రిమి పెనిసిలిన్‌కి లొంగకపోవడం అన్నది ఎక్కడా నమోదు కాలేదు. యాంటీబయాటిక్కులన్నీ ఒకదాని తర్వాత ఒకటి మొద్దుబారిపోతున్న కాలంలో ఇది మామూలు విషయం కాదు. గర్భిణికైతే ఇంకో దారి కూడా లేదు. డాక్సీసైక్లిన్ ఇవ్వకూడదు. ఎరిత్రోమైసిన్ మాయను దాటి బిడ్డకు సరిగ్గా చేరదు. అజిత్రోమైసిన్‌కి లొంగని రకాలు చాలా దేశాల్లో ఉన్నాయి. పెనిసిలిన్ పడని గర్భిణిని కూడా పెద్దాసుపత్రిలో చేర్చి, కొద్దికొద్దిగా అలవాటు చేసి పెనిసిలినే ఇవ్వాలి.

మందు ఖరీదైనదేమీ కాదు. అయినా పీహెచ్‌సీల్లో ఈ సూది వేయరు. పుట్టింటి ఊరి పీహెచ్‌సీ మా కంటే దగ్గర కదా, రెండో డోసు అక్కడ వేయించుకోవచ్చేమోనని నేనే ఫోన్ చేశాను. అక్కడి డాక్టరు చిన్నవాడు, మర్యాదగానే మాట్లాడాడు. "మేడం, మా దగ్గర పెనిసిలిన్ వేయడం లేదండీ. ఏదైనా జరిగితే ఊరంతా ఆసుపత్రి మీదికొస్తారు. నేనొక్కణ్ణే ఉంటాను" అన్నాడు. అతని భయం అర్థం కానిది కాదు. తీవ్రమైన అలర్జీ చాలా అరుదే, కానీ వచ్చినప్పుడు నిమిషాల్లో చూసుకోవాలి. అందుకు కావలసింది అడ్రినలిన్ ఆంప్యూల్, తొడ కండలోకి అర మిల్లీలీటరు ఎక్కించే చేయి, ఆక్సిజన్, సెలైన్, అరగంట కూర్చోబెట్టే ఓపిక. పాముకాటుకు మందు ఇచ్చే పీహెచ్‌సీలో ఇవన్నీ ఉంటాయి, ఉండి తీరాలి. అయినా పెనిసిలిన్ పేరెత్తితే సీసా బీరువాలోనే ఉండిపోతుంది. గుండె కవాటాల జబ్బు ఉన్న పిల్లలు మూడు వారాలకోసారి ఇదే సూది కోసం బస్సెక్కి జిల్లా ఆసుపత్రికి రావడం కూడా ఇందుకే.

మా దగ్గర పద్ధతి ఇది. గతంలో పెనిసిలిన్, అమాక్సిసిలిన్ పడలేదా అని అడుగుతాం, టెస్ట్ డోసు వేస్తాం, ట్రే సిద్ధంగా పెట్టుకుంటాం. పొడి సీసాలో స్టెరైల్ వాటర్ కలిపితే చిక్కటి పాల మడ్డిలా తయారవుతుంది. సన్న సూదిలో ఇరుక్కుపోతుంది. అందుకే లావు సూది, కలిపిన వెంటనే వేయడం, నెమ్మదిగా ఎక్కించడం. సగం ఒక పిర్రకు, సగం ఇంకో పిర్రకు. నొప్పి ఉంటుంది, ముందే చెప్పాలి. చెప్పకపోతే రెండో వారం రారు.

ఇంకొకటి కూడా ముందే చెప్పాం. మొదటి డోసు తర్వాత కొన్ని గంటలకు చలి, జ్వరం, ఒళ్లు నొప్పులు రావచ్చు. క్రిములు ఒక్కసారిగా చచ్చినప్పుడు శరీరం అలా స్పందిస్తుంది, మందు పడలేదని కాదు. గర్భిణిలో ఆ సమయంలో నొప్పులు మొదలయ్యే వీలుంది, బిడ్డ కదలిక తగ్గవచ్చు. కాబట్టి మొదటి డోసుకు ఆ రాత్రి ప్రసూతి వార్డులోనే ఉంచుకున్నాం. ఆమె తల్లి పదే పదే అడిగింది ఒకటే: "ఈ ఇంజిక్షనుకి బిడ్డకేటవదు గదా మేడమ్?" రాత్రి కొంచెం జ్వరం వచ్చింది, పారాసిటమాల్‌తో తగ్గింది. పొద్దున బిడ్డ గుండె చప్పుడు బాగుంది.

రెండో డోసు రోజున సముద్రంలో వాయుగుండం, బస్సులు లేవు. ఎనిమిదో రోజున వచ్చారు. గర్భిణిలో డోసుకూ డోసుకూ మధ్య వారం కంటే పెద్దగా సాగనివ్వకూడదు. మరీ ఆలస్యమైతే మూడూ మొదటి నుంచి వేయాలి. మూడో డోసు సరిగ్గా వారానికి పడింది. అప్పటికి 27 వారాలు నిండాయి. కాన్పుకు కనీసం 30 రోజుల ముందు వైద్యం మొదలైతేనే బిడ్డకు సరిపడా అందినట్టు లెక్క. ఈమెకు అంతకంటే చాలా వ్యవధి దొరికింది.

దేశం ఎక్కడిదాకా వచ్చింది

గర్భిణికి వీడీఆర్ఎల్ చేయాలన్న మాట కొత్తది కాదు, నేను పుట్టక ముందునుంచీ పుస్తకాల్లో ఉంది. సుఖవ్యాధుల నియంత్రణ కార్యక్రమం 1946 నాటిది. కానీ వీడీఆర్ఎల్‌కు సీరం వేడిచేయాలి, మైక్రోస్కోపు కావాలి, చేయి తిరిగిన టెక్నీషియన్ కావాలి. కాబట్టి ల్యాబు ఉన్న ఊళ్లో జరిగింది, లేని ఊళ్లో ఆగింది. 1992లో జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ, న్యాకో వచ్చాక సుఖవ్యాధుల పని హెచ్ఐవీ కార్యక్రమంలో కలిసిపోయింది. ల్యాబులు లేని చోట లక్షణాలు చూసి మందివ్వడం ప్రధాన పద్ధతి అయింది. రంగుల కిట్లు వచ్చాయి: మూత్రనాళం నుంచి స్రావం ఉంటే బూడిద రంగు, తెల్లబట్టకు ఆకుపచ్చ, పుండుకు తెలుపు, హెర్పిస్‌కు ఎరుపు. శ్రీకాకుళంలోనైనా గుజరాత్‌లోనైనా అదే రంగు పెట్టెలో అవే మాత్రలు. చదువు, భాష అడ్డురాని ఏర్పాటు అది, నాకు దాని మీద గౌరవం ఉంది. అయితే లక్షణం ఉన్నవాళ్లకే అది పనికొస్తుంది. ఈమెలాంటి వాళ్లకు ఏ రంగు కిట్టూ లేదు.

హెచ్ఐవీ పరీక్ష గర్భిణులందరికీ చేరడం వేరే కథ. 2000 తర్వాతి తొలి ఏళ్లలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో గర్భిణుల్లో హెచ్ఐవీ 1 శాతం దాటి ఉండేది. ఆ భయమే ఐసీటీసీలను, కౌన్సెలర్లను, మందుల సరఫరాను తెచ్చిపెట్టింది. ఎంపిక చేసిన కేంద్రాల్లో హెచ్ఐవీని కొలిచే సెంటినెల్ సర్వే 2019లో జరిగేనాటికి దేశంలో గర్భిణుల్లో హెచ్ఐవీ 0.24 శాతానికి దిగింది. సిఫిలిస్ పరీక్ష చాలాకాలం హెచ్ఐవీ పరీక్ష వెనకే, అందుకోలేనంత దూరంలో నడిచింది. ఒకే గర్భిణికి హెచ్ఐవీ పరీక్ష అయ్యేది, సిఫిలిస్ కాకపోయేది. ఆ దూరాన్ని తగ్గించింది డ్యూయల్ కిట్. గర్భిణికి మొదటి పరీక్షగా దాన్నే వాడవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. 2021 నుంచి 2026 దాకా సాగే జాతీయ ఎయిడ్స్ నియంత్రణ ఐదో దశలో తల్లి నుంచి బిడ్డకు హెచ్ఐవీ, సిఫిలిస్ రెండూ సోకకుండా చేయడం ఒకే లక్ష్యంగా పెట్టారు.

ఆ లక్ష్యం చేరినట్టు గుర్తింపు కావాలంటే సిఫిలిస్ వరకు కొలతలు ఇవి: గర్భిణుల్లో కనీసం 95 శాతం మంది చెకప్‌కి రావాలి, వచ్చినవాళ్లలో 95 శాతానికి పరీక్ష జరగాలి, పాజిటివ్ వచ్చినవాళ్లలో 95 శాతానికి వైద్యం అందాలి, లక్ష జననాల్లో పుట్టు సిఫిలిస్, అంటే తల్లి కడుపులోనే బిడ్డకు సోకిన కేసులు 50 దాటకూడదు. మన సమీక్షా సమావేశాల్లో రెండో అంకె మీద గంట చర్చ జరుగుతుంది. మూడో అంకె దగ్గరికి వచ్చేసరికి టీ వచ్చేస్తుంది. పైగా మూడో అంకెలో 'వైద్యం' అంటే పై ఆసుపత్రికి రాసి పంపడం కాదు, సూది పడడం. మూడు పడాల్సినవాళ్లకు మూడూ పడడం. అది ఎవరి రిజిస్టర్లో ఉండాలో స్పష్టంగా తేలకపోతే ఎవరి రిజిస్టర్లోనూ ఉండదు.

ఒక్కసారి పరీక్ష చాలదన్నది ఇంకో సంగతి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత, అంటే 2019-21 ప్రకారం మొదటి మూడు నెలల్లో చెకప్‌కి వచ్చిన గర్భిణులు 70 శాతం, నాలుగుసార్లయినా వచ్చినవాళ్లు 58.1 శాతం. మొదటి పరీక్షే ఆలస్యమయ్యే చోట ఏడో నెల తర్వాత రెండోది చేయమనడం అత్యాశగా కనిపిస్తుంది. కానీ అమెరికా అనుభవం చూడండి. అక్కడ 2012లో 335 ఉన్న పుట్టు సిఫిలిస్ కేసులు 2022లో 3,700 దాటాయి. వేళకు పరీక్ష, చికిత్స జరిగి ఉంటే పదింట తొమ్మిది ఆపగలిగేవాళ్లమని వాళ్ల వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీయే చెప్పింది. 2024లో అక్కడి ప్రసూతి వైద్యుల సంఘం మూడుసార్లు పరీక్ష చేయమంది: మొదటి చెకప్‌లో, చివరి మూడు నెలల్లో, కాన్పు సమయంలో. మా కాలనీలో ఒకావిడ, కూతురు కాన్పుకని డల్లాస్ వెళ్లి, అక్కణ్ణుంచి రాత్రిపూట ఫోన్ చేసి చిన్న గొంతుతో అడిగింది, "మా అమ్మాయికి ఆ పరీక్ష మళ్లీ మళ్లీ ఎందుకు చేస్తున్నారండీ, ఏమైనా అనుమానమా?" అని. అందరికీ చేస్తారమ్మా అని చెప్పాక గానీ ఆవిడ ఊపిరి పీల్చుకోలేదు.

ఇక మిగతా సుఖవ్యాధులు, క్లమీడియా, గనేరియా. ఇంగ్లండ్‌లో 25 ఏళ్లలోపు యువతులకు, అమెరికాలో 24 ఏళ్ల దాకా లైంగిక జీవితం ఉన్న యువతులకు లక్షణాలు లేకున్నా పరీక్ష చేసే పద్ధతి ఉంది. మన దగ్గర ప్రభుత్వం వైపు నుంచి సాధారణ జనానికి అలాంటిది లేదు. కాబట్టి మన యువతుల్లో అది ఎంత ఉందన్న ప్రశ్నకు క్లినిక్‌లో కూర్చుని జవాబు చెప్పలేను.

మగవాళ్ల పరీక్ష ఎక్కడ జరుగుతుంది

రెండు గర్భాల్లో భార్య రక్తం ఎన్నోసార్లు తీశారు, భర్తది ఒక్కసారీ తీయలేదు. మన దేశంలో ఏ లక్షణమూ లేని మామూలు మగవాడికి సిఫిలిస్ పరీక్ష జరిగేది ముఖ్యంగా రెండుచోట్ల. ఒకటి రక్తదానం. సేకరించిన ప్రతి యూనిట్‌కూ హెచ్ఐవీ, హెపటైటిస్-బీ, సీ, మలేరియాతో పాటు సిఫిలిస్ కూడా చూడాలన్నది చట్టం. రెండోది గల్ఫ్ మెడికల్. కోనసీమ, కడప, కరీంనగర్, నిజామాబాద్ కుర్రాళ్లు వీసా కోసం వెళ్లే ఆ పరీక్షలో సిఫిలిస్ ఉంటుంది. 'అన్‌ఫిట్' చీటీ పట్టుకుని నేరుగా చర్మ డాక్టర్ దగ్గరికి పరుగెత్తుకొస్తారు. వాళ్లు అడిగేది జబ్బు గురించి కాదు, రిపోర్టు ఎప్పుడు నెగెటివ్ అవుతుందని. సెక్స్ వర్కర్లు, స్వలింగ సంపర్కులైన పురుషులు, ట్రాన్స్‌జెండర్ల కోసం న్యాకో నడిపే ప్రాజెక్టుల్లో ఆరు నెలలకోసారి పరీక్ష ఉంది, చాలాచోట్ల బాగానే జరుగుతోంది. పెళ్లయిన మగవాడు మాత్రం ఏ జాబితాలోనూ లేడు.

ఈమె భర్త చేపల వేటకు వెళ్లేవాడు, గుజరాత్‌లోని వెరావల్‌లో బోటు మీద. మన తీరం నుంచి వందల కుటుంబాల మగవాళ్లు ఏటా అక్కడికి పోయి, వేసవిలో వేట ముగిశాకే వస్తారు. ఇది వినగానే క్లినిక్‌లో ఉన్న జూనియర్ ముఖంలో ఒక నిర్ణయం కనిపించింది: ఓహో, అక్కణ్ణుంచి తెచ్చాడన్నమాట. నేను అక్కడే ఆపాను. ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో, ఎప్పుడు వచ్చిందో ఏ రక్తపరీక్షా చెప్పదు. లోపల ఏళ్ల తరబడి చప్పుడు లేకుండా ఉండే జబ్బు ఇది, పెళ్లికి ముందే ఇద్దరిలో ఎవరికైనా ఉండి ఉండవచ్చు. డాక్టరు నోట ఊహ వెలువడితే అది ఇంటికి వెళ్లేసరికి తీర్పు అవుతుంది.

ఆమె భయం అదే. తల్లిని బయట కూర్చోబెట్టాక మా కౌన్సెలర్‌తో అంది: "ఆయనకి చెప్తే నన్నే అంటాడు మేడమ్." చెప్పాలా వద్దా అన్నది ఆమె ఇష్టమనీ, ఆమె ఒప్పుకోకుండా మేం ఫోన్ చేయమనీ కౌన్సెలర్ చెప్పింది. చెప్పకపోతే ఏమవుతుందో కూడా చెప్పింది: అతను వచ్చాక మళ్లీ సోకే వీలుంది, ఈ మూడు సూదుల ఫలితం పోతుంది. రెండో డోసు రోజున ఆమే ఫోన్ కలిపి స్పీకర్ పెట్టింది. కౌన్సెలర్ మాట్లాడింది ఇంతే: "మీ ఇద్దరి రక్తంలో ఒక ఇన్‌ఫెక్షన్ ఉండొచ్చు. బిడ్డకి రాకుండా మీ ఆవిడకి సూదులు మొదలుపెట్టాం. మీరూ ఒక పరీక్ష చేయించుకోవాలి. మీకెవరూ ఏ ప్రశ్నలూ వెయ్యరు." అవతల చాలాసేపు బోటు ఇంజిను శబ్దమే వినపడింది. తర్వాత "పాప బాగుందా?" అని అడిగాడు. పాప అంటే భార్యా, కడుపులో బిడ్డా అని మేం అడగలేదు.

వాట్సాప్‌లో రిఫరల్ చీటీ పంపాం. దేశమంతా ఇవే సురక్ష క్లినిక్‌లు ఉండడం వల్ల పని సులువైంది. అక్కడి ప్రభుత్వాసుపత్రిలో పరీక్ష చేస్తే ఆర్‌పీఆర్ 1:8. మూడు వారాలూ ఒడ్డుకు వచ్చినప్పుడల్లా వెళ్లి సూదులు వేయించుకుని, ప్రతిసారీ చీటీ ఫోటో తీసి పంపాడు. ఇంత సాఫీగా జరగడం అరుదు. భర్తను రప్పించడం దగ్గరే మా కేసులు ఎక్కువగా తెగిపోతాయి.

కాన్పు, బిడ్డ

38వ వారంలో మామూలు కాన్పు. ఆడపిల్ల, 2.7 కిలోలు. కాన్పు రోజున తల్లి ఆర్‌పీఆర్ 1:4, బిడ్డది 1:2. బిడ్డ రక్తంలో పాజిటివ్ వచ్చిందనగానే ఇంట్లో ఏడుపులు మొదలయ్యాయి. తల్లి యాంటీబాడీలు మాయ దాటి బిడ్డలోకి వస్తాయి, కాబట్టి పాజిటివ్ అన్నంత మాత్రాన బిడ్డకు జబ్బు ఉన్నట్టు కాదు. తల్లి టైటర్ కంటే బిడ్డది నాలుగు రెట్లు ఎక్కువ ఉంటే కంగారుపడాలి. ఇక్కడ అంతకంటే తక్కువే. ముక్కు కారడం, అరచేతుల్లో పొక్కులు, పెద్దదైన కాలేయం, ప్లీహం ఏవీ లేవు. చేతులు, కాళ్ల పొడవాటి ఎముకల ఎక్స్‌రే బాగుంది. తల్లికి వైద్యం పూర్తయింది, టైటర్ దిగింది, మళ్లీ సోకే అవకాశం లేకపోయింది. ఇలాంటి బిడ్డను మందు లేకుండా గమనిస్తూ ఉన్నా తప్పులేదు. మా పిల్లల డాక్టరు మాత్రం ఒక్క డోసు బెంజథీన్ వేశారు, కిలోకు 50 వేల యూనిట్ల లెక్కన. పుట్టింటి నుంచి అత్తింటికి వెళ్లిపోయే బిడ్డ ఫాలోఅప్‌కి వస్తుందో రాదో అన్నది ఆయన లెక్క. నేను ఏకీభవించాను. తల్లికి సరైన వైద్యం జరగకపోయి ఉంటే, ఇదే బిడ్డ పది రోజులు వార్డులో ఉండి రోజూ సూదులు పొడిపించుకోవలసి వచ్చేది.

మూడో నెలలో బిడ్డ ఆర్‌పీఆర్ 1:1. ఆరో నెలలో నాన్ రియాక్టివ్.

డిశ్చార్జి కాగితంలో తెలుగులో, పెద్ద అక్షరాలతో ఇలా రాశాం: తేదీలతో మూడు డోసులు, కాన్పునాటి టైటర్ 1:4, 'ఇకమీదట కిట్ పరీక్షలో సిఫిలిస్ గీత ఎప్పుడూ పడవచ్చు. ఆర్‌పీఆర్ చేసి ఈ టైటర్‌తో పోల్చండి. పెరిగితేనే మళ్లీ వైద్యం.' మూడో గర్భం వస్తే ఇంకో ఊళ్లో ఇంకో నర్సు ఇదే కిట్‌తో ఇదే గీత చూస్తుంది. ఈ నాలుగు వరసలు ఆమె దగ్గర లేకపోతే అనవసరంగా సూదులు పొడుస్తారు, లేదా పాతదేలే అని నిజంగా కొత్తగా సోకినదాన్ని వదిలేస్తారు.

కార్డుల విషయంలో మా పరిధిలో చేయగలిగింది ఒకటే చేశాం. కిట్‌లో సిఫిలిస్ గీత పడితే ఆ పూటే మా కౌన్సెలర్‌కి ఫోన్ చేయమనీ, ఆమె గర్భిణిగా నమోదైన ఆర్‌సీహెచ్ నంబరుతో పాటు పుట్టింటి ఊరి పేరు కూడా చెప్పమనీ చుట్టుపక్కల ఏఎన్ఎంలకు చెప్పుకున్నాం. హెచ్ఐవీ లైన్ లిస్టు పక్కనే ఇంకో పుస్తకం తెరిచాం, అందులో మూడు డోసులకు మూడు గడులున్నాయి. ఒకటి రెండు పీహెచ్‌సీల డాక్టర్లు మా దగ్గర రెండు పూటలు నిలబడి చూసి, రెండో, మూడో డోసులు తమ దగ్గరే వేయడానికి ఒప్పుకున్నారు. మిగతావాళ్లు ఇంకా పంపిస్తూనే ఉన్నారు.

భర్త వేట ముగించుకుని మే నెలలో వచ్చాడు. కూతురిని ఎత్తుకునే క్లినిక్‌కి వచ్చాడు. ఆర్‌పీఆర్ ఇంకా 1:8 దగ్గరే ఉంది. పాత జబ్బులో టైటర్ నెమ్మదిగా దిగడం, కొందరిలో తక్కువ స్థాయిలోనే నిలిచిపోవడం మామూలే. హెచ్ఐవీ మళ్లీ చూశాం, నెగెటివ్. కొత్త లక్షణాలు లేవు కాబట్టి ఇప్పటికి మందు అక్కర్లేదు. వైద్యం జరిగిన ఏడాదికీ, రెండేళ్లకీ మళ్లీ చూడాలి. ఆగస్టులో తిరిగి వెరావల్ వెళ్తానన్నాడు, కాబట్టి ఏడాది పరీక్ష అక్కడి క్లినిక్‌లో చేయించుకునేలా చీటీ రాసిచ్చాం.